నీళ్ళు నడిచిన వరుస

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తాడేపల్లిగూడెంలో మా బట్టల కొట్టుకు వచ్చే బేరాలవాళ్ళకూ తెలుసు, ఏలూరులో మా ఆఫీసుకు వచ్చే ప్లీడర్లకూ తెలుసు. రోజూ పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగి, కాలవలూ డ్రెయిన్లూ చూసే ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్ళు రికార్డు కీపరుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మావారు "కాగితాలకు కాపలానా?" అని ఎగతాళి చేశారు. కొట్టులో తానులకు మీరు కాస్తున్నదేమిటని అడిగాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా గదిలో చాలా రకాల కాగితాలుండేవి గానీ నాకు ప్రాణం కొల్లేటి కట్టలు. అటూ ఇటూ అట్టలు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి, తాడుతో బిగించిన కట్టలు నాలుగు వందలకు పైనే ఉండేవి. సరస్సులో నీటిమట్టం రోజూ రాసిన పుస్తకాలు, ఏ వానకు ఏ ఊరు మునిగిందో చెప్పే రిపోర్టులు, సరస్సు నడుమ ఉన్న లంక గ్రామాల మ్యాపులు, గట్లు తెగాయన్న కబుర్లు, తెగలేదు తెంపారన్న ఫిర్యాదులు. సరస్సు హద్దైన ఐదో కాంటూరు గొడవ వచ్చినా, చేపల చెరువు గొడవ వచ్చినా జనం ఆ కట్టల కోసమే వచ్చేవారు. అడిగింది పెదపాడు వైపు రైతయినా, పెద్ద కోర్టయినా పావుగంటలో కట్ట తీసి బల్ల మీద పెట్టేదాన్ని. అవును, గొప్ప చెప్పుకుంటున్నాను. చెప్పుకోదగ్గది ఉన్నప్పుడు చెప్పుకోకపోతే ఎలా?

కొత్త జిల్లా వచ్చాక ఆఫీసులు అటూ ఇటూ సర్దడం మొదలైంది. మా ఆఫీసూ కొత్త బిల్డింగుకు మారాలన్నారు. అందులో కంప్యూటర్లకు గది ఉంది, మీటింగులకు గది ఉంది, రికార్డులకు మాత్రం నాలుగు బీరువాలు. రోజూ పనికొచ్చే ఫైళ్ళు తీసుకెళ్ళి, గడువు దాటినవి మార్చి ఆఖరులోగా పాత కాగితాల వేలంలో పెట్టమని నాకు ఆర్డరు వచ్చింది. రూలు ప్రకారం అందులో తప్పేమీ లేదు. గడువు దాటిన కాగితాలకు లిస్టు రాసి ఏటా వేలానికి పంపేది నేనే. కానీ కొల్లేటి కట్టల్లో సగానికి పైగా గడువు దాటినవే. వేలం పాడినవాళ్ళు వాటిని తిన్నగా అట్టల మిల్లుకు తోలేస్తారు. ఆ ఆర్డరు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే ఒకావిడ వచ్చింది. ఏలూరులో ఒక కాలేజీలో పాత పత్రాలను భద్రపరిచే విభాగం చూస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. కార్డు మీద ఆర్కైవిస్టు అని ఉంది. అప్పటిదాకా నాకు ఆర్కైవిస్టుల మీద మంచి అభిప్రాయం లేదు. కాగితం బతికున్నన్నాళ్ళూ దాని దుమ్ము మేం తింటే, అది ముసలిదయ్యాక వచ్చి ముద్దు చేసేవాళ్ళని నా ఉద్దేశం. ఆవిడకు మా మీద ఉన్న అభిప్రాయమూ అంతంతమాత్రమేనని తరవాత తెలిసింది. మేం గడువు ఎప్పుడవుతుందా, ఎప్పుడు వేలానికి తోసేద్దామా అని కాచుక్కూర్చునే జనమట.

ఆవిడ ఆ రోజు కొల్లేటి ర్యాకుల ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చి మరోసారి నడిచింది.

"ఈ వరుస ఎవరు పెట్టారండీ?"

"నాకు ముందున్న పెద్దాయన పెట్టారు. ఆయన కాలం చేసి చాన్నాళ్ళయింది. తీసినచోటే పెట్టాలమ్మా అని చెప్పి రిటైరయ్యారు. అలాగే పెడుతున్నాను."

ఆవిడ నవ్వి పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తరవాత అసలు సంగతి చెప్పింది. పాత రికార్డులను కాపాడటానికి గ్రాంటు ఇచ్చే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉంది. వాళ్ళ షరతల్లా ఒక్కటే: కాగితాలను ఇన్నాళ్ళూ చూసుకున్నవాళ్ళూ, ఇకముందు భద్రపరిచేవాళ్ళూ కలిసి అర్జీ పెట్టాలి. గ్రాంటు వస్తే కాలేజీలో ఒక పెద్ద హాలు, ఇనుప ర్యాకులు, కాగితం చివకకుండా ఉండే పెట్టెలు, స్కానింగు మిషను. మా ఆఫీసరుగారిని అడిగితే, ఎవరైనా సొంత ఖర్చుతో పట్టుకెళ్ళి కాపాడతామంటే కావలసిందేముంది, ఆ ఏర్పాటు లేకపోతే మాత్రం వేలమే అన్నారు. అంటే ఆ గ్రాంటు మీదే కట్టల ప్రాణం ఆధారపడింది.

ఇరవై పేజీల అర్జీ ఆవిడే ఇంగ్లీషులో రాసుకొచ్చింది. నా సంతకం కావలసిన చోట్ల పెన్సిల్‌తో టిక్కులు పెట్టింది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, టిక్కు కనబడితే చెయ్యి దానంతటదే సంతకం పెట్టేస్తుంది, కళ్ళు పైకి పోవు. చకచకా పెట్టేశాను.

నెల తిరక్కుండా ఫోను చేసింది. "మేడమ్, మనది పరిశీలనకు తీసుకున్నారండీ! వచ్చే సోమవారం వాళ్ళ తరఫున ఒక పెద్దాయన వచ్చి గది చూస్తారు."

ఇన్‌స్పెక్షన్ అంటే రికార్డు రూములో ఏం చేస్తారో నాకొకరు నేర్పాలా? మా అటెండరును పిలిచాను. నాకంటే పెద్దవారు, బాబాయ్ అని పిలిచేదాన్ని. కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి. ఇద్దరం మూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్నాం. కట్టలన్నీ దించాం. గుడ్డలు విప్పి ఉతికి డాబా మీద ఆరేశాం. దుమ్ము దులిపాం. ఊరి పేరును బట్టి అ నుంచి హ దాకా వరుసగా సర్ది, ప్రతి కట్టకూ కొత్త చీటీ నా చేత్తో రాసి అంటించాను. మధ్యలో ఒకసారి బాబాయ్ కట్ట చేతిలో పట్టుకుని నసిగారు.

"వీటిని ఇలాగ కలిపెయ్యొచ్చంటారాండీ అమ్మగారూ?"

"మీరు తాడు బిగించండి బాబాయ్" అన్నాను.

బుధవారం సాయంత్రం గది తలుపు మూస్తుంటే నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది.

గురువారం ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"వరుస ఏదండీ?"

"కనబడట్లేదా? అకారాది క్రమం. కళ్ళు మూసుకుని ఏ ఊరి కట్టయినా తీయొచ్చు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. సంచిలోంచి మా అర్జీ కాపీ తీసి, ఏడో పేజీ తెరిచి, నాకు తెలుగులో చెప్పుకొచ్చింది. పాత వరుసలో మొదటి ర్యాకులో మెట్ట నుంచి వచ్చే వాగులు. తరవాత బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు. ఆ తరవాత లంక గ్రామాలు, ఏది ముందు మునుగుతుందో ఆ వరుసలో. ఆఖరి ర్యాకు ఉప్పుటేరు, అక్కడి నుంచి సముద్రం. ఏ ఏటి వరద సంగతయినా తెలియాలంటే ఎడమ నుంచి కుడికి ఒక్కో కట్టా విప్పుకుంటూ పోతే చాలట, నీళ్ళు ఎక్కడ బయల్దేరి ఎన్ని రోజులకు ఎక్కడికి చేరాయో తెలిసిపోతుందట.

"మీ పెద్దాయన నీళ్ళు నడిచిన దారినే కట్టలు పేర్చారు మేడమ్. మనం గ్రాంటు అడిగిందే దాని కోసం."

నా గుండె గుభేలుమంది. గుభేలుమన్నప్పుడు మామూలు మనుషులు ఊరుకుంటారు, నాకేమో కోపం వస్తుంది. "నాకు ముందెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"సంతకం పెట్టారు కదండీ! ఇన్నేళ్ళు ఆ వరుస కదలకుండా కాపాడింది మీరు. మీకు తెలియదని నేనెలా అనుకుంటాను?"

"ఏసీ గదిలో కూర్చుని ఇరవై పేజీలు రాయడం తేలికేనమ్మా. ఈ దుమ్ముకు నా ఊపిరితిత్తులు ఏమయ్యాయో చూశావా?"

"గది తళతళలాడితే చాలు మీకు. ఆ కట్టలెందుకలా ఉన్నాయో ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అడగాలనిపించలేదా?"

ఆ మాట సూదిలా దిగింది, ఎందుకంటే నిజం. బయటికి నడవమన్నాను. ఆవిడ కదల్లేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. బాబాయ్ మెల్లిగా వచ్చి రెండు టీ గ్లాసులు మా ఇద్దరి మధ్య పెట్టి వెళ్ళారు. టీ తాగాక ఆవిడే అడిగింది, పాత వరుస ఎక్కడైనా రాసి ఉందా అని. లేదు. ఆవిడ ఫోనులో మూడు ఫోటోలున్నాయి గానీ వాటిలో చీటీల మీది అక్షరాలు కనబడవు. సోమవారం లోపు తీరిగ్గా వచ్చి అన్నీ ఫోటోలు తీద్దామనుకుందట.

అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఇష్యూ రిజిస్టర్లు. కట్ట ఎవరికిచ్చాం, ఎప్పుడు తిరిగొచ్చింది, ఇంతవరకే వాటిలో రాయాలి. నేను చేరిన ఏడాది గదికి సున్నం వేయిస్తే ర్యాకుల మీది నంబర్లు చెరిగిపోయాయి, మళ్ళీ ఎవరూ రాయించలేదు. తీసినచోటే పెట్టాలంటే ఎలా? అందుకని కట్ట తీసిన ప్రతిసారీ దాని ఎడమ పక్క ఏ కట్ట ఉంది, కుడి పక్క ఏ కట్ట ఉంది అని మార్జిన్లో రాసుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళూ అలాగే రాశాను. బీరువా తెరిచి రిజిస్టర్లన్నీ బల్ల మీద గుట్ట పోశాను.

ఆవిడ ఒకటి తెరిచి రెండు పేజీలు చూసింది. కాసేపటికి, "వీటి గడువు ఎప్పుడో దాటిపోయింది కదండీ, ఎందుకుంచారు?" అంది.

నిజం చెప్పేశాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. దాన్ని చేతులారా వేలంలో పెట్టబుద్ధి కాలేదు. ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాకు మళ్ళీ ఊపిరాడింది.

నాలుగు రోజులు ఆ గదిలోనే ఉన్నాం. కట్టకొక చీటీ రాసి నేల మీద పరిచాం. దీని కుడి పక్కన అది, దాని కుడి పక్కన ఇది అని ఆవిడ రిజిస్టరు చదువుతుంటే నేను చీటీలు జరిపేదాన్ని. కాగితాల దగ్గర అన్నం క్యారేజీ తెరవకూడదని ఆవిడ శాసనం, ఆవకాయ సీసా వరండాలో పెడితే కాకులు ఎత్తుకుపోతాయని నా వాదన. ఆవిడ ముడి వేస్తే కట్ట సంకలోంచి జారిపోయేది, కొట్టులో మూటలు కట్టే మా ఇంటి ముడి నేర్పాను. ఏ కాగితాన్ని ఎండలో పెట్టకూడదో, ఏ మరక ఎందుకు పెరుగుతుందో నాకు ఆవిడ చెప్పింది. శుక్రవారం సాయంత్రానికి ఆవిడ నోట మేడమ్ పోయి అక్కా వచ్చింది.

శనివారానికి నలభై ఒక్క కట్టలు మిగిలిపోయాయి. అన్నీ లంక గ్రామాలవే. నా హయాంలో వాటిని ఎవరూ అడగలేదు కాబట్టి రిజిస్టర్లో వాటి ఇరుగుపొరుగు లేదు. ఇద్దరం తలలు పట్టుకుని కూర్చుంటే గుమ్మం దగ్గర నుంచి బాబాయ్ అన్నారు:

"అవి నేను చెబుతానండి."

వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నారు. "నీళ్ళెక్కేటప్పుడు ముందు ఇదండి, పల్లం కదాండీ. తరవాత మా పక్కూరు. మా ఊరు అంటుకునేటప్పటికి మా నాన్న గేదెల్ని గట్టు మీదకి తోలేసి, పడవ విప్పేసేవోడండి. అక్కణ్ణుంచి ఇదిగో, ఈ రెండూ ఒక్కరోజే మునుగుతాయండి, ఆయ్" అంటూ ఒక్కో చీటీ వేలితో జరిపారు. ఎక్కడా తడుముకోలేదు. ఆవిడ ఊరికే నమ్మే రకం కాదు. ఒక పాత వరద తాలూకు రిపోర్టులు ఆ కట్టల్లోంచే విప్పి, ఏ ఊరు ఏ తేదీన మునిగిందో ఒక్కొక్కటీ చూసింది. అన్నీ బాబాయ్ చెప్పిన వరుసలోనే ఉన్నాయి. మూడు రోజుల క్రితం ఆ మనిషినే నేను తాడు బిగించమన్నానని తలుచుకుంటే సిగ్గేసింది.

ఆదివారం సాయంత్రానికి ఆఖరి కట్ట ర్యాకు ఎక్కింది. చేతులు కడుక్కుంటూ ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది.

"ఇదంతా రేపు ఆయనకు చెప్పాలంటారా అక్కా? వరుస యథాప్రకారం వచ్చేసింది కదా. చెప్పకపోయినంత మాత్రాన అబద్ధమాడినట్టు కాదుగా."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ తీయగానే ఉంది. తప్పు ఆవిడది కాదు, నాది. కప్పిపుచ్చితే నా పరువే దక్కుతుంది. చెబితే గ్రాంటు పోవచ్చు, గ్రాంటు పోతే కట్టలు మిల్లుకు పోతాయి. కానీ ఫైలు లేకపోతే లేదని రాయడమే నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళలో లేని ఫైలు ఉన్నట్టు ఒక్కసారీ రాయలేదు. ఆ రాత ఇప్పుడు మార్చమంటే నా చెయ్యి తిరగదు. అదే ఆవిడతో అన్నాను. ఆవిడ తలూపింది గానీ మొహం మాడిపోయింది.

సోమవారం హైదరాబాదు పెద్దాయన వచ్చారు. తెల్లజుట్టు, మెత్తని మాట. ర్యాకుల వెంట మెల్లగా నడిచి, మధ్యమధ్య కట్టలు విప్పించి చూసి, "చాలా బాగుందండీ" అని పుస్తకం మూయబోయారు.

"అయ్యా, ఒక్క నిమిషం. పోయిన వారం ఈ వరుసను నేను చెరిపేశాను" అన్నాను.

ఆయన కూర్చున్నారు. పెన్సిల్ టిక్కు దగ్గర నుంచి ఆవకాయ సీసా దాకా అన్నీ చెప్పాను. నలభై ఒక్క కట్టలకు కాగితం సాక్ష్యం లేదనీ, బాబాయ్ మాటే ఆధారమనీ, అది రిపోర్టులతో సరిపోయిందనీ చెప్పాను. ఆయన నా రిజిస్టర్లు చాలాసేపు తిరగేశారు. బాబాయ్‌ని పిలిచి నీళ్ళెక్కే దారి మళ్ళీ చెప్పించుకున్నారు. "ఉత్తరం వస్తుందండీ" అని లేచి వెళ్ళిపోయారు. మొహం చూసి మాకేమీ అంతుబట్టలేదు.

మూడు వారాలు ఏ కబురూ లేదు. ఈలోగా వేలం పాడేవాళ్ళు సరుకు చూసుకోవడానికి వచ్చారు. వాళ్ళలో ఒకడు తమ్మిలేరు కట్ట మీద కాలు పెట్టి పై వరుసకు ఎక్కబోతే నేను వేసిన కేక మెయిన్ రోడ్డు దాకా వినబడిందట. కట్టల మీద అరుస్తున్నాను గానీ లోపల నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నోరు మూసుకుని ఉంటే పోయేది కదా అని ఒక్కోరోజు పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను కూడా.

మార్చిలో ఇంకా పది రోజులుందనగా ఉత్తరం వచ్చింది. ఆవిడ ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. గ్రాంటు ఇచ్చారు. అడిగినదంతా ఇచ్చారు. వరుస ఎలా చెదిరిందో, ఎలా తిరిగి వచ్చిందో దాచకుండా లిస్టులో రాయాలని ఒక షరతు పెట్టారు. నా ఇష్యూ రిజిస్టర్లను కూడా కొల్లేటి కట్టలతోపాటు శాశ్వతంగా ఉంచాలని రెండోది. ఆ రెండో షరతు నేను నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంటికి వెళ్ళి మావారికి చదివి వినిపించాను. ఆయన కొట్టులో ఉన్న బేరాలవాళ్ళందరికీ చెప్పారు. నేను వద్దనలేదు.

ట్రాక్టరు ట్రక్కుల్లో కట్టలు కాలేజీకి వెళ్ళాయి. మెట్ట వాగులు ముందు, ఉప్పుటేరు చివర. ఆ తరవాత లిస్టు తయారీ మొదలైంది. ఆవిడ కంప్యూటర్లో గళ్ళు గీసింది: కట్ట నంబరు, ఊరు, సంవత్సరాలు, ఈ చోటుకు ఆధారం. ఆధారం గడిలో చాలావాటికి నా రిజిస్టరు పేజీ, దాని కింద నా పేరు. మొదటి లిస్టు ప్రింటు తీసిన రోజు బాబాయ్‌ని కూడా పిలిచాం. కళ్ళజోడు తేలేదు, మీరే చదవండమ్మా అన్నారు. లంక గ్రామాల పేజీలు తీశాను. ఆ నలభై ఒక్క కట్టలకూ ఆధారం గడిలో ఆయన పేరు, ఫలానా వారి కొడుకు అని తండ్రి పేరు, ఊరు పేరు ఉన్నాయి. ఆవిడే అలా రాసింది, నాకూ ముందు చెప్పలేదు.

బాబాయ్ ఆ గడి మీద వేలు పెట్టి చూసుకున్నారు. తరవాత అడిగారు: "దీన్ని ఎన్నాళ్ళుంచుతారమ్మా?"

"ఎప్పటికీ ఉంచుతారు బాబాయ్. దీనికి గడువు లేదు."

"మా నాన్న పేరున్న కాయితం ఇంట్లో ఒక్కటీ లేదండి. పట్టా, రేషన్ కార్డు, అన్నీ నీళ్ళలో పోయాయి" అన్నారు. "ఇంకోసారి చదవండమ్మా, నాన్న పేరు దగ్గర్నుంచి."

చదివాను. ఆ పేజీల్లో ఆ పేరు నలభై ఒక్కసార్లు ఉంది. నలభై ఒక్కసార్లూ చదివాను.